రందికి మందు వెతికిన రైతు

మా నల్లగొండ దిక్కు మనసు కష్టానికి పెద్ద పెద్ద పేర్లు లేవు. రంది అంటాం, బుగులు అంటాం. పైకి చెప్పుకోకుండా లోపలే పెట్టుకుని మనిషి కుమిలిపోతే రంది. ఎందుకో తెలియకుండా గుండె దడదడలాడితే బుగులు. ఈ రెండూ లేకుండా మనసు తేటగా ఉంటే నిమ్మళం. ఎదురుపడ్డ మనిషిని "నిమ్మళంగున్నవా?" అని పలకరించే ఊళ్ళు మావి. డిప్రెషన్, యాంగ్జైటీ అన్న మాటలు ఈ మధ్య వచ్చి చేరాయి గానీ, రంది పట్టిన మనిషిని ఎక్కడికి తీసుకుపోవాలో మా పెద్దలు ఎప్పుడో తేల్చుకున్నారు. గట్టుకు.

మా చిన్నమ్మనూ అట్లాగే తీసుకుపోయాం. ఆమె ఒక్కగానొక్క కొడుకు బావి కాడ మోటారు వేయబోయి కరెంటు షాకుతో పోయాడు. ఇరవై రెండేళ్ళవాడు. చిన్నమ్మ ఏడవలేదు. దినాలు అయిపోయాక గడప దగ్గర కూర్చుని చాటలో బియ్యం పోసుకుని చెరగడం మొదలుపెట్టింది. చెరిగిన బియ్యమే మళ్ళీ పోసుకునేది, మళ్ళీ చెరిగేది. "ఎన్నిమాట్ల చెరుగుతవే?" అని మా అమ్మ అడిగితే "రాళ్ళున్నయక్కా" అనేది. నేను పక్కన కూర్చుని చూశాను. ఒక్క రాయి లేదు. మూడు నెలలు అట్లానే గడిచాయి. తిండి తగ్గింది, రాత్రిళ్ళు కంటి మీద కునుకు లేదు.

"మూడమావాస్యలు గట్టు మీద పండుకోవాలె" అని ఇంటి పెద్దాయన తేల్చాడు. నార్కట్‌పల్లి పక్కన చెర్వుగట్టు, జడల రామలింగేశ్వరస్వామి గుట్ట. అమావాస్య రాత్రి ఆ గుట్ట మీద కాలు పెట్టే సందు ఉండదు. ఎక్కడ జాగా దొరికితే అక్కడ చాపలు, ప్లాస్టిక్ పట్టాలు, సద్దిమూటలు. జుట్టు విరబోసుకుని ఊగుతున్న ఒక పడుచుపిల్ల. తనలో తానే మాట్లాడుకుంటున్న ఒక ముసలాయన. ఊళ్ళో అయితే పిల్లలు వెంటపడేవారు. అక్కడ ఎవరూ వింతగా చూడలేదు. చిన్నమ్మ పక్కన పట్టా పరుచుకున్నామె దేవరకొండ దిక్కు నుంచి వచ్చింది. "నీకెవలు పోయిండ్రు?" అని సూటిగా అడిగేసింది. మూడు నెలలుగా మా ఇంట్లో పోయినవాడి పేరు ఎత్తడానికే అందరం జంకుతున్నాం. చిన్నమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఎంతసేపు చెప్పిందో, ఎప్పుడు ఏడ్చిందో నాకు తెలియదు, మధ్యలో నేను కునికిపాట్లు పడ్డాను. తెల్లవారి లేచి చూస్తే ఇద్దరూ ఒకే దుప్పటి కింద నిద్రపోతున్నారు.

ఆ రాత్రి చిన్నమ్మకు నిద్ర పట్టించింది ఏది? దేవుడా, గుట్టా, పక్కన పడుకున్న మనిషా? ఈ ప్రశ్న పట్టుకుని చాలా ఏళ్ళు చదివాను, తిరిగాను. మతం వేరు, ఆధ్యాత్మికత వేరు అని ఇప్పుడు అందరూ తేలిగ్గా అనేస్తున్నారు. ఆ రెంటినీ విడదీసే అవసరం ఎవరికి వచ్చింది, ఎప్పుడు వచ్చింది, మనసు జబ్బుతో దానికి సంబంధమేమిటి అని వెతుక్కుంటూ పోతే, ఆ దారిలో ఒకచోట బిడ్డలు పోయిన రైతు కనిపించాడు. దారి చివర మా జిల్లాలోని నాగార్జునసాగరే కనిపించింది.

ముందు మాటల సంగతి చూద్దాం. మతమంటే సంస్కృతంలో అభిప్రాయం. సమ్మతం, అభిమతం అన్న మాటల్లో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. పోనుపోను ఆ చిన్న మాట గుడి, మసీదు, చర్చి, పండుగ, పెళ్ళి, దినం, కులకట్టు అన్నీ కలిపి కట్టిన పెద్ద మూట అయింది. ఆధ్యాత్మికం అన్న మాట నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. సాంఖ్యులు దుఃఖాన్ని మూడు రకాలుగా విడదీశారు. సాటి ప్రాణుల వల్ల కలిగేది ఆధిభౌతికం. గాలివాన, పిడుగు, గ్రహాల వంటి వాటి వల్ల కలిగేది ఆధిదైవికం. తన ఒంట్లో, తన మనసులో పుట్టేది ఆధ్యాత్మికం. జ్వరం, కోపం, భయం, దిగులు అన్నీ ఈ మూడో దాంట్లోకే వస్తాయి. మూడింటినీ కలిపి తాపత్రయం అన్నారు. "పిల్లల కోసం ఒకటే తాపత్రయ పడుతుంది" అని మనం రోజూ అనే మాట అక్కడిదే. అంటే ఆ లెక్కలో ఆధ్యాత్మికం అన్నది మందు పేరు కాదు, జబ్బు పేరు. మనసుకొచ్చేది ఆధి, ఒంటికొచ్చేది వ్యాధి అని జంటగా చెప్పుకున్న పూర్వులు, మనసు బాధను ఆత్మ విచారానికి దూరంగా ఎన్నడూ పెట్టలేదు.

ఆ రైతు సంగతికి వస్తాను.

1885లో బ్రిటిష్ సైన్యం మాండలే కోటలో అడుగుపెట్టి, బర్మా చివరి రాజు థీబాను గద్దె దించి మన దేశానికి పంపేసింది. ఆయన రత్నగిరిలోనే ప్రవాసంలో కన్నుమూశాడు. బర్మాలో రాజంటే బౌద్ధ సంఘాన్ని పోషించేవాడు. రాజు పోయాక ధర్మం నిలిచేదెట్లా అన్న దిగులు దేశమంతా పట్టుకుంది. అప్పటిదాకా మామూలు బర్మీయుడి బౌద్ధమంటే భిక్షువుకు అన్నం పెట్టడం, పగోడా దగ్గర దీపం వెలిగించడం, వచ్చే జన్మకు పుణ్యం కూడబెట్టుకోవడం. కళ్ళు మూసుకుని కూర్చుని తన లోపలికి తాను చూసుకోవడం అడవుల్లో ఉండే కొద్దిమంది భిక్షువుల పని. లేడీ సయడా (1846–1923) అనే పండిత భిక్షువు ఈ కట్టు తెంపాడు. జనం వాడుకభాషలో పుస్తకాలు రాశాడు, ఊరూరా తిరిగాడు. ధ్యానం గృహస్థుల చేతికి రావాలి, అప్పుడే ధర్మం నిలుస్తుంది అన్నాడు. విపశ్యన వేల ఏళ్ళ నాటిదని చెబుతారు. మూలం అంత పాతదే కావచ్చు. అది రైతుల దగ్గరకు, గుమాస్తాల దగ్గరకు వచ్చి మాత్రం నూటపాతికేళ్ళే అయింది. పరాయి పాలన పెట్టిన దిగులులోంచే అది జనంలోకి వచ్చింది.

రంగూన్‌కు నది అవతల ప్యాబ్వేజీ అనే పల్లె. అక్కడ 1873లో పుట్టాడు సయా థెట్‌జీ. తండ్రి చిన్నప్పుడే పోయాడు. చదువు అంతంతమాత్రం. ఎడ్లబండి తోలాడు, ధాన్యం మోశాడు, రైసు మిల్లులో పనిచేశాడు, సేద్యం చేశాడు. 1903 ప్రాంతంలో ఆ ఊరిమీద కలరా పడింది. ఆయన కొడుకు పోయాడు, కూతురు పోయింది. కూతురు ఆయన చేతుల్లోనే కన్నుమూసిందంటారు. ఆ తర్వాత ఆయనకు ఇంట్లో కాలు నిలవలేదు. పగోడాలు ఉన్నాయి, దీపాలు ఉన్నాయి, పుణ్యం లెక్కలు ఉన్నాయి. అవేవీ ఆ రందిని తాకలేదు. భార్యకు, మరదలికి పొలం అప్పజెప్పి, అనుమతి అడిగి, ఇల్లు వదిలి వెళ్ళాడు. ఏళ్ళ తరబడి తిరిగి లేడీ సయడా దగ్గరకు చేరాడు. శ్వాసను గమనించడం, ఒంట్లో కలిగే నొప్పినీ మంటనూ తీపునూ వస్తుంటే వచ్చినట్టు, పోతుంటే పోయినట్టు చూడడం నేర్చుకున్నాడు. తిరిగి ఊరికి వచ్చి పొలం పక్కనే ఒక శాల కట్టుకుని, 1914 నుంచి తోటి రైతులకు నేర్పాడు. భిక్షువు కాని ఒక సేద్యగాడు ధ్యానం బోధించడం అక్కడ ఎంత పెద్ద మాటో ఊహించండి. ఇతడు చెప్పవచ్చునని లేడీ సయడా స్వయంగా తన శిష్యుల ముందు ప్రకటించాల్సి వచ్చింది.

నాకు ఈ ఘట్టం దగ్గర కాలు ముందుకు పడదు. చిన్నమ్మ చాట గుర్తొస్తుంది. మతంతో తగవు పెట్టుకుని ఆ రైతు బయటకు రాలేదు. ఆయన చివరిదాకా బౌద్ధుడే. మతం పెట్టిన అన్నం ఆయన ఆకలి తీర్చలేదు, అంతే. నాకు అర్థమైనంతలో ఆధ్యాత్మికత అన్నది వేరుగా పుట్టింది అక్కడే, తంతు చేరలేని చోట.

1937 జనవరిలో ఆ రైతు దగ్గరకు రంగూన్ అకౌంటెంట్ జనరల్ ఆఫీసు నుంచి ఒక ఉద్యోగి వచ్చాడు, ఊ బా ఖిన్. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైన రోజునే ఆ దేశానికి అకౌంటెంట్ జనరల్ అయ్యాడు. ఫైళ్ళ మధ్యనే తన సిబ్బందికి ధ్యానం నేర్పేవాడు. 1955లో ఆయన దగ్గరకు ఒక మార్వాడీ వ్యాపారి వచ్చాడు. మాండలేలో పుట్టిన సత్యనారాయణ గోయెంకా. ముప్ఫై ఒక్క ఏళ్ళు, పెద్ద వ్యాపారం, భరించరాని తలనొప్పి. మైగ్రేన్ వస్తే మార్ఫిన్ సూదిమందు తప్ప మరొకటి పనిచేయని దశ. యూరప్, అమెరికా, జపాన్ తిరిగి చూపించుకున్నా తగ్గలేదు. తలనొప్పి కోసమైతే రావద్దు, ఇది ఆసుపత్రి కాదు అని ఊ బా ఖిన్ తిప్పి పంపాడు. గోయెంకా వెనకాడింది మాత్రం మరో భయంతో. సనాతన హిందూ కుటుంబం. బౌద్ధంలో కలిపేస్తారేమోనన్న జంకు. ఊ బా ఖిన్ అడిగింది ఒకటే: మంచి నడవడి, మనసును అదుపులో పెట్టుకోవడం, ప్రజ్ఞ, ఈ మూడింటిలో మీ మతానికి అభ్యంతరమైనది ఏదైనా ఉందా? లేదు. అయితే నేను నేర్పేది ఆ మూడే.

మతం మార్చుకోకుండా సాధన తీసుకోవచ్చన్న ఒప్పందం అక్కడ కుదిరింది. ఇప్పుడు ప్రపంచమంతా మాట్లాడుతున్న మతాతీత ఆధ్యాత్మికతకు అంత స్పష్టమైన మాటలు నాకు మరోచోట కనిపించలేదు.

తర్వాతి మలుపు ఒక తల్లి జబ్బు. గోయెంకా తల్లిదండ్రులు బొంబాయికి వచ్చేశారు. తల్లికి నరాల జబ్బు ముదిరింది. అప్పట్లో బర్మా ప్రభుత్వం పౌరులకు పాస్‌పోర్టు ఇవ్వడమే అరుదు. తల్లి జబ్బు కారణం చూపితే ఇచ్చారు. 1969 జులైలో బొంబాయిలోని ఒక ధర్మశాలలో గోయెంకా మొదటి పది రోజుల శిబిరం పెట్టాడు. కూర్చున్నవారు 14 మంది, అందులో తల్లీ తండ్రీ ఉన్నారు. ఈ దేశంలో తర్వాత లక్షల మంది కూర్చున్న శిబిరాలకు మొదలు అదే. ఒక ఇంటి ఆడమనిషి మనసు కుదుటపడాలన్న కోరికతో మొదలైంది.

1976లో అది హైదరాబాద్ చేరింది. సాగర్ రోడ్డు మీద కుసుమ్‌నగర్‌లో ధమ్మఖేత్త వెలిసింది. దేశంలోని తొలి విపశ్యన కేంద్రాల్లో అది ఒకటి. అదే రోడ్డు మీద ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి దాటుకుంటూ పోతే నాగార్జునసాగర్ హిల్ కాలనీలో రెండోది ఉంది, ధమ్మనాగజ్జున. ఆ పేరు ఊరికే పెట్టలేదు. కిందనున్న నీళ్ళ అడుగున ఇక్ష్వాకుల విజయపురి ఉంది. డ్యాం కోసం లోయ మునగబోతుంటే 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని ద్వీపం మీదికి చేర్చారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యాంకు పునాదిరాయి వేశారు. గోయెంకా రంగూన్‌లో మొదటిసారి కళ్ళు మూసుకుని కూర్చుంది ఆ ఏడే. విజయపురి శాసనాల్లో ఒక సంగతి నాకు ఎప్పుడూ ఇష్టం. రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన సోదరి చాంతిసిరి బౌద్ధులకు మహాచైత్యం కట్టించింది. ఒకే ఇంట్లో రెండు దారులు. సింహళ భిక్షువులకు అక్కడ విహారం కూడా ఉండేది. సింహళం నుంచి బర్మాకు, బర్మా నుంచి బొంబాయికి, మళ్ళీ కృష్ణ ఒడ్డుకు వచ్చింది ఆ బోధ.

అయితే మతాన్నీ లోచూపునూ విడదీయడం బర్మా వాళ్ళే కనిపెట్టారంటే నేను ఒప్పుకోను. మా నల్లగొండ, పాలమూరు పల్లెల్లో అచల గురువుల పరంపర ఉంది. శివరామ దీక్షితుల బృహద్వాసిష్ఠం వాళ్ళ పెద్ద పుస్తకం. విగ్రహం అక్కర్లేదు, తీర్థం అక్కర్లేదు, గురువు చెప్పిన ఎరుక చాలు అంటారు. గురువుది ఏ కులమని అడగరు. దళిత తత్వకవి దున్న ఇద్దాసు మా జిల్లావాడే. మన్యంకొండ వేంకటేశ్వరుని మీద కీర్తనలు కట్టిన వేపూరు హనుమద్దాసుది పాలమూరు. ఒకరిది గుడి దారి, ఒకరిది గుడి లేని దారి. జనం ఇద్దరి పాటలూ పాడుకున్నారు. చావు జరిగిన ఇంట్లో రాత్రంతా తంబుర మీటుతూ తత్వాలు పాడే ఆనవాయితీ ఇంకా పోలేదు. చిన్నమ్మ కొడుకు, మా తమ్ముడు, పోయిన పదకొండో రోజు రాత్రి కూడా పాడారు. చిన్నమ్మ తలుపు వెనక కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. రెండేళ్ళ తర్వాత ఒకరోజు కూర తరుగుతూ, "ఆ రాత్రి పాడిన తత్వం యాదికొస్తది, నిమ్మళమైతది" అంది. దుఃఖంలో ఉన్న మనిషికి ఏది ఎప్పుడు తాకుతుందో పక్కవాళ్ళం చెప్పలేం.

సాగర్ కేంద్రంలో పది రోజులు నేనూ కూర్చున్నాను. ఫీజు లేదు, తిండికి డబ్బు లేదు. పూర్తిచేసిన వాళ్ళు తర్వాతివాళ్ళ కోసం ఇచ్చింది ఇవ్వవచ్చు. పొద్దున నాలుగింటికి గంట. రోజుకు పది గంటల ధ్యానం. మాట లేదు, ఫోను లేదు, పుస్తకం లేదు. జపమాల, తాయెత్తు, మంత్రం, దీపం ఏవీ ఆ పది రోజులూ పనికిరావు. జాన్‌పహాడ్ సైదులు దర్గాలో మా అమ్మ కట్టించిన దారం నా చేతికి ఉంది. విప్పి సెల్‌ఫోనుతో పాటు కవర్లో పెట్టి అప్పజెప్పాను. చేయి బోసిగా అనిపించింది. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర శ్వాస చూడడమే పని. నాలుగో రోజు నుంచి ఒళ్ళంతా గమనించమన్నారు. ఆరో రోజు మోకాలి నొప్పి మీద మనసు పెట్టి కూర్చుని ఉండగా, తమ్ముడు మోటారు దగ్గరికి పోతూ పొలం గట్టు మీద చెప్పులు విడవడం కళ్ళ ముందుకు వచ్చింది. రంది చిన్నమ్మది అనుకున్నాను. నాదీ ఉందని అక్కడ తెలిసింది. ఏడ్చాను. నొప్పి వచ్చింది, ఉంది, తగ్గింది. ఇంతకు మించి గొప్పగా ఏమీ జరగలేదు. పదో రోజు మౌనం విప్పాక కవర్లోంచి దారం తీసి మళ్ళీ కట్టుకున్నాను. ఎవరూ వద్దనలేదు.

ఈ పద్ధతి ఆసుపత్రి గడప ఎక్కింది అమెరికాలో. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో జాన్ కబాట్-జిన్ అనే శాస్త్రవేత్త, డాక్టర్లు ఇక చేసేదేమీ లేదని పంపేసిన దీర్ఘకాలపు నొప్పుల రోగులను కూర్చోబెట్టి శ్వాస గమనించడం నేర్పాడు. వారాల తరబడి సాగే తరగతి. బుద్ధుడి పేరు కూడా పక్కన పెట్టాడు, లేకపోతే ఆసుపత్రి రానివ్వదు. 2000లో జాన్ టీస్‌డేల్, జిండెల్ సీగల్, మార్క్ విలియమ్స్ బృందం మరో అడుగు వేసింది. డిప్రెషన్ తగ్గి, మళ్ళీ మళ్ళీ తిరగబెట్టేవాళ్ళ మీద పరీక్షించి చూశారు. అంతకుముందు మూడుసార్లు, ఆపైన వచ్చినవారిలో మామూలు వైద్యం మాత్రమే పొందినవాళ్ళలో 66 శాతం మందికి జబ్బు తిరగబెడితే, ఈ తరగతి కూడా చేసినవాళ్ళలో 40 శాతానికి తగ్గింది. రెండుసార్లే వచ్చినవాళ్ళకు పెద్ద మేలు కనిపించలేదు. ఆ మాట కూడా వాళ్ళు దాచకుండా రాశారు. 2022లో వచ్చిన మరో అధ్యయనంలో 276 మంది ఆందోళన రోగులను రెండు జట్లు చేసి ఒక జట్టుకు ఎసిటలోప్రామ్ మాత్రలు, మరో జట్టుకు ధ్యాన తరగతి ఇస్తే ఫలితం దాదాపు సమానంగా వచ్చింది. బిడ్డలు పోయిన బర్మా రైతు శాలలో నేర్పిన చూపుకు, ఈ లెక్కలకు మధ్య దాదాపు వందేళ్ళ దూరం.

ఇక్కడ అందరూ చెప్పని ఒక మాట చెప్పాలి. సాగర్ కేంద్రంలో చేరే ముందు ఒక ఫారం నింపాలి. ఇంతకుముందు మానసిక జబ్బు ఉందా, మందులు వాడుతున్నారా అని అడుగుతారు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారికి ఈ శిబిరం తగదనీ, ఇది వైద్యానికి బదులు కాదనీ వాళ్ళే స్పష్టంగా చెబుతారు. అది న్యాయమే. చెవుల్లో మాటలు వినపడే మనిషిని పది రోజులు మౌనంగా తనలోకి తాను చూసుకో అని కూర్చోబెడితే జబ్బు ముదిరే ప్రమాదం ఉంది. అట్లా దెబ్బతిన్నవాళ్ళ అనుభవాల మీద పరిశోధనలు కూడా వచ్చాయి. ఇంకో సంగతి, తిండి ఉచితమైనా పది రోజుల కూలి ఎవరిస్తారు? బొంబాయికీ పుణెకీ మట్టి పనికి పోయే పాలమూరు కూలీకి అంత తీరిక ఎక్కడిది? ధ్యాన కేంద్రం వద్దన్న మనిషిని కూడా గట్టు రానిస్తుంది. జుట్టు విరబోసుకున్న ఆ పిల్లకు సాగర్‌లో చోటు లేదు, చెర్వుగట్టులో ఉంది. యాదగిరిగుట్టలో వైద్య నరసింహుణ్ణి నమ్ముకుని మండలం రోజులు తడిబట్టలతో ప్రదక్షిణ చేసిన తరాలు ఉన్నాయి. బిడ్డ బతికితే యాదగిరి అనీ, లింగయ్య అనీ, సైదులు అనీ పేర్లు పెట్టుకున్నాం. మా బడి హాజరుపట్టీ చూస్తే హిందువుల ఇళ్ళలోనే ఎంతమంది సైదులో.

ఈ చోటుకు విలువ ఉందని కొలిచి చూపినవారు కూడా ఉన్నారు. బెంగళూరు నిమ్హాన్స్ మనోవైద్యుడు రఘురామ్, ఆయన సహచరులు తమిళనాడులో ముత్తుస్వామి గుడి దగ్గర ఉంటున్న 31 మంది రోగులను పరీక్షించారు. చాలామందికి స్కిజోఫ్రేనియా. సగటున ఆరు వారాలు గుడి దగ్గర ఉన్నారు. మంత్రాలు వేయలేదు, కొట్టలేదు. ఇంటివాళ్ళలో ఒకరు తోడుండగా గుడి పనుల్లో చేయి వేస్తూ గడిపారు. వెళ్ళేటప్పటికి లక్షణాలు దాదాపు ఐదో వంతు తగ్గాయి. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ ఫలితం అచ్చయింది. బెదిరింపు లేని చోటు, కలిసి బతికే మనుషులు, వీటి వల్లే మేలు జరిగి ఉంటుందని వాళ్ళు రాసింది చదివినప్పుడు నాకు చెర్వుగట్టు మీద ఒకే దుప్పటి కింద పడుకున్న ఇద్దరు ఆడవాళ్ళు కనిపించారు.

అదే తమిళనాడులో, 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున, ఎర్వాడి దర్గా దగ్గర ఒక పాకకు నిప్పంటుకుంది. నయం కోసమని తెచ్చి గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. గొలుసు ఉండబట్టి పరుగెత్తలేకపోయారు. ఆ 28 మందిని తలచుకోకుండా భక్తి గురించి ఎవరూ మాట్లాడకూడదని నా గట్టి నమ్మకం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసును ఏ రూపంలోనూ వాడరాదని నిషేధించింది.

కంటికి కనిపించని గొలుసు ఇంకొకటి ఉంది. చిన్నమ్మ విషయంలో నేను చూశాను. దగ్గరి బంధువు ఒకామె వచ్చి, "పోయినేడు మొక్కు తీర్చలేదు కదా, దేవుడు ఊకుంటడా?" అని అనేసి వెళ్ళింది. ఆ మాట తర్వాత చిన్నమ్మ రెండు రోజులు చాట కూడా ముట్టలేదు. ఇంకొకరు బాణామతి అన్నారు. ఎవరి మీదో అనుమానం వచ్చింది. ఆ అనుమానంతో మా తెలంగాణ పల్లెల్లో ఎంతమందిని కొట్టారో, పళ్ళు ఊడగొట్టారో, కొందరిని ఎట్లా కాల్చేశారో పాత పేపర్లు తిరగేస్తే తెలుస్తుంది. అమెరికాలో కెనెత్ పార్గమెంట్ అనే మనస్తత్వవేత్త బృందం 2001లో ఒక అధ్యయనం అచ్చువేసింది. 55 ఏళ్ళు దాటిన 596 మంది ఆసుపత్రి రోగులను రెండేళ్ళు గమనించారు. దేవుడు నన్ను వదిలేశాడు, దేవుడికి నా మీద ప్రేమ లేదు, ఇది సైతాను పనే అని తలపోసినవాళ్ళలో చావు ముప్పు 19 నుంచి 28 శాతం దాకా ఎక్కువగా ఉంది. నమ్మకం మనిషిని మోస్తుంది. అదే నమ్మకం శిక్ష అనే రూపంలో వచ్చినప్పుడు మనిషే దాన్ని మోయాల్సి వస్తుంది. దైవభక్తి ఉందా లేదా అన్నది డాక్టరు అడగాల్సిన అసలు ప్రశ్న కాదు. నీ దేవుడు నిన్ను ఓదారుస్తున్నాడా, బెదిరిస్తున్నాడా? అడగాల్సింది అది. రోగి మతాన్నీ ఆధ్యాత్మికతనూ తెలుసుకునే వైద్యం చేయాలని ప్రపంచ మనోవైద్య సంఘం 2016లో ప్రకటన చేసింది. మన దగ్గర ఎంతమందికి ఆ తీరిక దొరుకుతుందో గానీ, అడిగితే రోగులు చెబుతారు.

చిన్నమ్మ కథ చెప్పేస్తాను. రెండో అమావాస్యకు ముందు మా ఊరి ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి, గట్టుకు పోండి, పోయే ముందు నల్లగొండలో డాక్టరుకు కూడా చూపించండి అంది. పోయాం. మాత్రలు రాశారు. మూడో వారానికి ఆకలి వచ్చింది. మూడో అమావాస్యకు తనే బయల్దేరింది, దేవరకొండామెను కలవాలని. ఇద్దరూ ఫోన్ నంబర్లు రాయించుకున్నారు. ఇప్పటికీ పండుగకు మాట్లాడుకుంటారు. చాట గోడకు తగిలించి ఉంది. చిన్నమ్మ చేతిసంచిలో విభూతి పొట్లం, మాత్రల అట్ట ఒకే అరలో ఉంటాయి. ఏది పనిచేసిందమ్మా అని ఒకసారి అడిగాను. "అన్నీ చేసినయి బిడ్డా, ఒక్కటి మానినా భయమే" అంది. డాక్టరు తగ్గించమన్నప్పుడు తగ్గించి, ఆపమన్నప్పుడే ఆపింది.

గట్టుకు పోయేవాళ్ళను ఆపకండి. దర్గాకు పోయేవాళ్ళను, చర్చిలో ప్రార్థన చేయించుకునేవాళ్ళను, సాగర్‌లో కళ్ళు మూసుకుని కూర్చునేవాళ్ళను ఆపకండి. మాత్రలు ఆపమనే వాడు ఏ వేషంలో వచ్చినా నమ్మకండి. కట్టేయమనే చోటు నుంచి మీ మనిషిని వెంటనే తీసుకొచ్చేయండి. రంది పట్టిన మనిషి మీ ఇంట్లో ఉంటే, పోయినవాళ్ళ పేరు మీరే ముందు ఎత్తండి. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టాల్సిన పని లేదు.